దిగే మాటలు

(సంత రోజు, మధ్యాహ్నం. సాలూరు పైకొండల్లో ఒక ఆశ్రమ పాఠశాల వరండా. ఇంగ్లీషు టీచర్ వరలక్ష్మి, ఏడో తరగతి భాను తండ్రి సుక్రు.)

"అది కాదు సుక్రూ, పిల్లకి రాకపోతే నేనెందుకు కబురు పెడతాను? వచ్చు. వచ్చీ రాయదు. అదీ నా గొడవ."

"రాత్తాది టీచరమ్మా. మా గుంట బాగా రాత్తాదని మీరే అన్నారు కదా, ఆ ఏడు."

"అన్నాను. ఇప్పుడూ అంటున్నాను. క్లాసులో ఫస్టు. ముందు ఆ సంచి పక్కన పెట్టండి, భుజానికి అలా వేలాడేసుకుని ఎంతసేపు నిలబడతారు? ఏటందులో?"

"సీతాఫలాలమ్మా. మీకే. పండినవి పైనున్నాయి, కాయలు అడుగున ఏసినాను."

"లంచమా?"

"సీ సీ, లంచమేటి! చెట్టుకి కాసినాయి, తెచ్చీసినాను."

"సరదాకి అన్నాన్లెండి. కూర్చోండి. నేల మీద కాదు, ఆ బల్ల మీద. ఊర్నించి ఎన్నింటికి దిగారు?"

"తెల్లారకముందే దిగినాను. సంత జీపు అందనేదు. రోడ్డు కాడ్నించి మళ్ళీ నడకే."

"పొద్దుట్నించీ నడకేనా?"

"దిగడమే కదమ్మా, బేగే ఒచ్చీసినాను. ఎక్కీటప్పుడే పేణం మీదకొత్తాది."

"చూశారా? దిగడం అన్నారు, ఎక్కడం అన్నారు. శుభ్రంగా రెండూ అన్నారు. మీ అమ్మాయి అనదు."

"ఏటనదు?"

"ఇదిగో కాగితం. పరీక్ష పెట్టాను. ఎడం పక్క పైకెళ్ళే మాటలు ఇంగ్లీషులో రాయాలి. కుడిపక్క వాటికి వ్యతిరేకం. ఎడం పక్క చూడండి ముందు. రైజ్, క్లైంబ్, అసెండ్, లిఫ్ట్, మౌంట్, సోర్... ఇరవైకి ఇరవై. ఒక్క అక్షరం తప్పు లేదు."

"ఎక్కడానికి ఇన్ని మాటలా?"

"మరేటనుకున్నారు? పొగ లేస్తే రైజ్. చేతులూ కాళ్ళూ ఆనించి కొండెక్కితే క్లైంబ్. బరువు ఎత్తితే లిఫ్ట్. గద్ద రెక్క కదపకుండా అలా పైపైకి పోతుంది చూడండి, అది సోర్."

"గద్దకి ఏరేగా మాట ఉన్నాదా!"

"ఉంది. మీ అమ్మాయి దాని పక్కన బొమ్మ కూడా వేసింది."

"అవునే. ఇది మా లోయలో తిరిగీ గద్దే. రెక్క కొస ఇలగే ఇరిగినట్టుంటాది. ఎంత బాగా ఏసింది!"

"ఇప్పుడు కుడిపక్క చూడండి."

"కుడిపక్క ఏటీ నేదు కదమ్మా."

"అదే నేనూ అంటున్నది. ఏమీ లేదు. ఫాల్, డిసెండ్, సింక్, డ్రాప్. చివరికి డౌన్. ఒకటో క్లాసు పిల్ల రాసే డౌన్ కూడా రాయలేదు."

"మర్సిపోయిందేమో."

"ఇరవై మాటలు మర్చిపోతుందా? నోటితో అడిగాను, నోరు విప్పలేదు. మొండితనం అనుకున్నాను. మూడ్రోజులు ఈ వరండాలో నిలబెట్టాను. డౌన్ అని వందసార్లు రాసుకుని రమ్మన్నాను. తెచ్చింది. ఒకటి నుంచి వంద దాకా నంబర్లు వేసింది, పక్కన ఏమీ లేదు. అలాంటి కాగితం నా చేతికి ఎవరూ ఇవ్వలేదు సుక్రూ, ఈ పద్నాలుగేళ్ళలో."

"కొట్టీవలసింది."

"మీరు కొడతారా?"

"నేదు."

"మరి నన్నెందుకు కొట్టమంటారు? ఇంగ్లీషే అయితే పోనీ అనుకుందును. తెలుగులో కూడా అనదట. పోయిన నెల అందరూ బస్సులో సాలూరు వెళ్ళారు. 'దిగుతాను' అని ఒక్క మాట అనలేక, కండక్టరుని చూస్తూ కూర్చుని స్టాపు దాటి పోయిందట. దాని స్నేహితురాలు కీర్తి చెప్పింది. నవ్వుతూ చెప్పింది గానీ నాకు నవ్వు రాలేదు."

"టీచరమ్మా, కుండలో నీళ్ళుంటే ఓ గళాసు..."

"ఇదిగో. తాగండి."

"సల్లగున్నాయి."

"మాట మార్చకండి. సోమవారం పార్వతీపురంలో సెలక్షనుంది. పెద్ద స్కూలు, పన్నెండు దాకా అక్కడే చదువు, అక్కడే తిండి. మా బడి నుంచి ఒక్కర్నే పంపుతాం. అక్కడ కాగితం మీదా అడుగుతారు, ఎదురుగా కూర్చోబెట్టి నోటితోనూ అడుగుతారు. ఇలా సగం ఖాళీగా వదిలేస్తే తీసుకోరు. ఎనిమిదో క్లాసు ఈ బళ్ళో లేదు. తర్వాత ఏం చేస్తుంది? కాఫీ గింజలు ఏరుతుందా?"

"ఏరకూడదమ్మా. సదవాల. ఆళ్ళమ్మకి అదే ఆశ."

"మరైతే చెప్పండి. మీకు తెలుసు. మీ మొహం చూస్తే తెలుస్తోంది."

"నానెల్తాను టీచరమ్మా. సంతలో ఉప్పు కొనాల, కిరాణా కొట్టు మూసీత్తాడు..."

"సంత సాయంత్రం దాకా ఉంటుంది. కూర్చోండి."

"మీకు నవ్వొత్తాది."

"రాదు."

"మా ఊరికి రోడ్డు నేదు కదా. ఎవులికైనా ఒంట్లో బాగునేకపోతే డోలీ కడతాం. కర్రకి దుప్పటి కట్టి, అందులో మనిసిని పడుకోబెట్టి, ముందొకడు, ఎనకొకడు."

"తెలుసు. పేపర్లో వేస్తుంటారు."

"పేపర్లో మోసీది సూపిత్తారమ్మా. మోసీటప్పుడు ఏటి మాటాడకూడదో సూపించరు కదా. డోలీ లేసింది మొదలు రోడ్డు ముట్టుకునీ దాకా దిగీ మాట అనకూడదు. దిగు, పడు, జారు, దించు, మునుగు, ఒక్కటీ నోట్లోంచి రాకూడదు. అంటే లోపలున్న మనిసి పేణం ఆ మాటెంట ఎల్లిపోతాదని. మా తాతల కాన్నించీ ఉన్నాది."

"కొండ దిగుతూ దిగుతున్నాం అనకపోతే ఎలా?"

"'నడు' అంటాం. జారుడున్న కాడ 'రాయున్నాది' అంటాం. బుజం కాయలు కాసి నొప్పెడితే 'కర్ర మార్సు' అంటాం. రోడ్డు కాడికి ఒచ్చినాక గానీ దించడం అనీ మాట ఎత్తం. అప్పుడు అంతా ఒక్కసారే అనీసుకుంటాం. కుర్రోళ్ళైతే 'దిగినాం దిగినాం' అని అరుత్తారు కూడా."

"భాను వాళ్ళమ్మని అలాగే తీసుకొచ్చారా?"

"రత్ననా? అలగే."

"దసరా సెలవుల్లో కదా. భాను అప్పుడు ఐదో క్లాసు."

"ఇంటికొచ్చింది సెలవులకి. రత్నకి అయిదు రోజుల జొరం. ఆరో రోజు మనిసి మాట తడబడింది. నాను, మా ఊరి మంగ్లు మోసినాం. మంగ్లు ముందర, నాను ఎనక. ఇంకో ఇద్దరు అంబులెన్సుని ఆపడానికి ముందే పరుగెట్టినారు. ఈ గుంట అమ్మ పక్కనే నడిసింది."

"మరి?"

"మాకు గెడ్డ ఉన్నాది దారిలో, కొండ వాగు. గెడ్డ దాటినాక ఈ గుంట ఇంగ్లీసు ఎత్తుకుంది. ఆళ్ళమ్మకి సదివి ఇనిపించినాది. అప్ డౌన్, అప్ డౌన్... ఇంకా ఏటేటో, మీరు ఇప్పుడు సదివినవే. పాటలాగ సదివింది, గొంతెత్తి. రోడ్డు దాకా ఆపనేదు."

"అయ్యో. అపోజిట్స్. ఆ నెలలోనే చెప్పాను నేను. బోర్డు మీద మెట్లు గీసి, ఒకళ్ళని ఎక్కించి ఒకళ్ళని దింపి... నేనే చెప్పాను సుక్రూ."

"మీదేటి తప్పమ్మా. రోడ్డు కాడ అంబులెన్సులో ఒక నర్సు పిల్ల ఉన్నాది. నాడి సూసింది. 'లేదు' అన్నాది. అంతే."

"అయితే ఆ మాటల వల్లే పోయిందన్నారా?"

"మంగ్లు అరకులో లాడ్జిలో పన్జేసినోడు. డౌనంటే ఏటో ఆడికి తెలుసు. 'గెడ్డ కాడ రత్న బాగానే ఉన్నాది, గెడ్డ దాటినాక ఈ గుంట డౌనూ డౌనూ అన్నాది, ఇంగ్లీసులో అన్నా దిగడమే కదా' అన్నాడు. ఆడు సెడ్డోడు కాదమ్మా. ఏడుత్తా అన్నాడు. పెద్దోళ్ళు అడిగినారు గుంటని. 'అన్నావా?' అంటే 'అన్నాను' అన్నాది."

"పదేళ్ళ పిల్లని?"

"దేవత గద్దె కాడ నిలబెట్టి, పసుపు నీళ్ళు పోసి, సేతిలో బియ్యం పెట్టి మాట తీసుకున్నారు. బతికున్నన్నాళ్ళూ దిగీ మాట ఏ బాసలోనూ అనకూడదని. ఆ మాట తప్పితే ఇసయం మళ్ళీ మొదట్నించీ తీత్తాం, డోలీ పట్టినోళ్ళందర్నీ పిలిసి అడుగుతాం అన్నారు."

"మీరెక్కడున్నారు అప్పుడు?"

"ఆడ్నే."

"ఆడ్నే ఉండి?"

"ఆడ్నే ఉన్నానమ్మా."

"ఆ చంటిదాని నెత్తిన తల్లి చావు పెడుతుంటే చూస్తూ నిలబడ్డారా? నేను మూడ్రోజులు వరండాలో నిలబెట్టానని నాలుగు రోజుల్నించీ నిద్ర లేదు నాకు. మీరు రెండేళ్ళు ఎలా పడుకున్నారు?"

"పడుకోనేదు. సెలవులకి ఇంటికి రాదు ఆ గుంట. సాలూరులో ఆళ్ళ పిన్ని అచ్చియమ్మ కాడ ఉంటానంటాది. నాను సంతకొచ్చి ఈ గోడ అవతల్నించి సూసి పోతాను. పిలవను."

"సరే, ఏడవకండి. నేనూ గట్టిగా అన్నాను. ఇప్పుడు దాన్ని పిలుస్తాను. మీరు ఒక్క మాట చెప్పండి చాలు. 'నీ తప్పేం లేదమ్మా, ఆ మాటల వల్ల అమ్మ పోలేదు' అని. తండ్రి చెప్తే నమ్ముతుంది."

"సెప్పలేను."

"ఎందుకు? మీరూ నమ్ముతున్నారా, దాని వల్లే పోయిందని?"

"నమ్మితే బాగుణ్ణు టీచరమ్మా."

"అంటే?"

"ఆ తలుపెయ్యండి."

"వరండాకి తలుపేటి సుక్రూ? ఎవరూ లేరు. పిల్లలు భోజనాల దగ్గరున్నారు. చెప్పండి."

"డోలీలో మనిసి తల ఎనకుంటాది, కాళ్ళు ముందరకుంటాయి. ముందోడికి ఏటీ కనపడదు. ఎనకోడికే మొకం కనిపిత్తాది. గెడ్డకి ఇవతల, మా ఊరి పక్కనే, పెద్దరాయి ఉన్నాది, ఆడ దారి తిరుగుతాది. ఆ మలుపులో రత్న కళ్ళు తెరిసే ఉన్నాయి. కొమ్మల్లోంచి ఎండ సరాసరి కంట్లోకి కొట్టింది. రెప్ప ఆడనేదు."

"గెడ్డకి ఇవతలా?"

"ఇవతలే."

"అంటే భాను నోరు విప్పకముందే..."

"ముందే. ఎంతో ముందు."

"మరి మీరు... దేవుడా. మీరు ఎందుకు చెప్పలేదు?"

"దారిలో మనిసి పోతే ఆడ్నే దించీయాల. ఎనక్కి తిరిగి ఊరికెల్లిపోవాల. గెడ్డ అవతల ఏరే ఊరి దేవత నేల. పీనుగుని తెలిసి దాటించకూడదు. దాటించినోడ్ని ఊరు ఉంచుకోదు. ఆడ్నీ, ఆడి పిల్లల్నీ. ఇల్లు, పోడు, కాఫీ మొక్కలు అన్నీ ఒగ్గీసి ఎల్లిపోవాల."

"తెలిసీ దాటించారా?"

"అంబులెన్సులో మిషినుంటాది, పోయిన ఊపిరి ఎక్కిత్తారని ఎవులో అన్నారు. అదొక్కటే బుర్రలో ఉన్నాది. ఇంకొక్క అరగంట. దించీత్తే అయిపోనాదని ఒప్పుకున్నట్టే కదమ్మా. నాను ఒప్పుకోలేకపోనాను. గెడ్డ కాడ ముందోడు ఆగి, లోపలున్న మనిసిని పేరెట్టి పిలవాల. పలికితేనే దాటాల. మంగ్లు ఆగినాడు. 'రత్నా' అన్నాడు."

"మీరేమన్నారు?"

"'పలికింది, గెడ్డ సప్పుడులో నీకినపడనేదు, నడు' అన్నాను. అది అబద్ధం. ఆ ఒక్కటే ఆడినాను. అవతల గట్టెక్కుతుంటే ఈ గుంట అమ్మ ఇంటాందనుకుని ఇంగ్లీసు ఎత్తుకుంది. ఎనక నుంచి నాను ఇంటన్నాను. ఆ సచ్చిపోయిన మనిసికి నా కూతురు పాటం అప్పసెప్పతాంది. నా బుజం మీద కర్ర. నా ఎదర ఆ మొకం. ఆపమనలేను, ఏడవలేను. రోడ్డు దాకా అలగే నడిసినాను టీచరమ్మా."

"చాలు. ఊరుకోండి. మంచినీళ్ళు తాగండి ఇంకాస్త."

"పెద్దోళ్ళు అడిగినప్పుడు సెప్పీవలసింది. నోరు తెరిసినాను. తెరిస్తే ఊరు పోతాది, ఇల్లు పోతాది, ఈ గుంటని ఏ చెట్టు కిందకి తీసుకుపోతాను అనుకున్నాను. పసిది కదా, పసుపు నీళ్ళే కదా, మర్సిపోతాదిలే అనుకున్నాను. పిరికిముండావోడ్ని. నా నేరం దాని మీదకి ఎల్లిపోతంటే సూసినాను."

"మర్చిపోలేదు సుక్రూ. చూశారుగా కాగితం."

"సూసినాను."

"అయితే ఇది దానికి చెప్పాలి. మీ ఊరికి చెప్తారో లేదో మీ ఇష్టం, నేనెవరికీ చెప్పను. దానికి మాత్రం చెప్పాలి. తల్లిని చంపానని అనుకుంటూ ఆ పిల్ల ఎన్నాళ్ళు బతుకుతుంది?"

"ఇంటే నా మొకం సూడదు."

"చూడకపోతే చూడదు. చెప్పండి. కీర్తీ! ఏయ్ కీర్తీ, అన్నం తిన్నాక భానుని ఇలా రమ్మను. వాళ్ళ నాన్న వచ్చారని చెప్పు."

"టీచరమ్మా, మీరు ఎల్లిపోకండి. మీరుంటేనే నా నోరు పెగులుతాది."

(భాను వచ్చింది.)

"నాన్నా! ఎప్పుడొచ్చినావు?"

"ఇప్పుడే గుంటా."

"తిన్నావా?"

"తిన్నాను."

"తిన్లేదు. పెదాలెలా ఎండిపోయాయో. మేడమ్, నా పళ్ళెంలో అన్నం ఉంది, నాన్నకి తేనా?"

"తెద్దువుగాని. ముందిలా కూర్చో భానూ. నిన్ను మూడ్రోజులు నిలబెట్టాను. తప్పు నాదేనమ్మా. నాకు తెలీలేదు."

"పర్లేదు మేడమ్. వరండాలో గాలి బాగా వస్తాది."

"మీ నాన్న నీతో ఒక మాట చెప్పాలంటున్నారు."

"వద్దు మేడమ్."

"ఏటని తెలీకుండానే వద్దంటావేం?"

"వద్దు. నాన్నా, నువ్వు సంతకెళ్ళు. ఉప్పు కొనుక్కోవాలి కదా. పొద్దుపోతే ఏనుగులొస్తాయి దారిలో."

"ఇను గుంటా."

"నాకు పరీక్షలేమీ వద్దు మేడమ్. సెలక్షనుకి సౌందర్యని పంపండి. అది బాగానే రాస్తాది. అన్నీ రాస్తాది."

"నీకొచ్చిన దాంట్లో సగం రాదు దానికి."

"సౌందర్యది మా ఊరే మేడమ్. నేను కుడిపక్క రాస్తే అది చూస్తాది. చూస్తే ఇంట్లో చెప్తాది. వాళ్ళ తాత పెద్దమనిషి."

"చెప్పనీ. ఏమవుతుంది?"

"నేను మాట తప్పానని మళ్ళీ అందర్నీ కూర్చోబెడతారు. మొదట్నించీ అడుగుతారు."

"అడగనీ గుంటా. అడగనీ. నీ మీద ఏటీ నేదు. అది సెప్పడానికే కూకున్నాను. ఆ రోజు అమ్మ..."

"నాన్నా, మేడమున్నారు."

"టీచరమ్మకి సెప్పీసినాను."

"సెప్పీసినావా?"

"అంతా సెప్పీసినాను. నీకే సెప్పనేదు రెండేళ్ళనించీ. అమ్మ నీ మాటల వల్ల పోనేదు తల్లీ. నువ్వు నోరిప్పకముందే పోయింది. గెడ్డకి ఇవతలే పోయింది. నాను సూసినాను. సూసీ దాటించినాను. పలికిందని మంగ్లుకి అబద్ధమాడినాను. నిన్ను పసుపు నీళ్ళలో నిలబెట్టినప్పుడు నోరు మూసుకున్నాను. నాది నేరం. నీది కాదు. నన్ను తిట్టు. ఎలగైనా తిట్టు."

"మేడమ్, మీరు ఎవరికీ చెప్పరు కదా?"

"చెప్పనమ్మా. ఒట్టు. విన్నావా, నాన్న ఏమన్నారో?"

"విన్నాను."

"నీ తప్పు లేదమ్మా. ఇంక ఆ మాటలకి భయపడక్కర్లేదు."

"నాకు భయం లేదు మేడమ్. ఎప్పుడూ లేదు. నాకు తెలుసు."

"ఏటి తెలుసు గుంటా?"

"అమ్మ పెద్దరాయి కాడ పోయింది. దుప్పట్లోంచి కాలు బయటికొచ్చేస్తే సలేస్తాదని పట్టుకుని నడిసేను కదా. నేను బొటనేలు నొక్కితే అమ్మ ఏళ్ళు ఆడించేది. ఇంటి కాడ్నించీ అలగే ఆడుకుంటా వచ్చేం. రాయి కాడ నొక్కితే ఆడించలేదు. మళ్ళీ నొక్కేను. మళ్ళీ మళ్ళీ నొక్కేను నాన్నా."

"నాతో ఎందుకు సెప్పనేదు తల్లీ?"

"నిన్ను సూసేను. నీ కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, నువ్వు నడిసిపోతన్నావు. నీకూ తెలుసనుకున్నాను. నువ్వు ఆగలేదంటే డాక్టరు కాడ ఏదో ఉందనుకున్నాను."

"పెద్దోళ్ళు అడిగినప్పుడైనా... నీ మీద పెడతంటే 'కాదు' అనీవలసింది కదే!"

"కాదంటే మరెలా పోయిందని నిన్ను అడిగీవోళ్ళు. అమ్మ పోయింది. నిన్నూ ఊర్లోంచి పంపీస్తే?"

"అందుకేనా ఇంటికి రావడం మానీసినావు?"

"నిన్ను సూస్తే నోరు ఆగదని. ఎక్కడ అందరి ముందూ ఏడిసీస్తానోనని."

"భానూ, ఇలా రా తల్లీ. నా దగ్గరికి రా. ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. అమ్మ పోయిందని తెలిసి, గెడ్డ దాటాక ఆ ఇంగ్లీషంతా ఎవరికి చదివావు?"

"మంగ్లు బాబాయికి మేడమ్. నాన్న పలికిందన్నాడు గానీ బాబాయికి నమ్మకం కుదర్లేదు. నడుస్తూ నడుస్తూ ఎనక్కి తిరగబోయాడు. తిరిగితే అమ్మ మొకం కనిపించీది. అమ్మతో నేను మాట్లాడుతున్నట్టు ఇనిపించాలి కదా."

"మరి ఇంగ్లీసెందుకు గుంటా? మన మాట్లు నేవా, అయి మాటాడీవలసింది కదా!"

"మన మాట్లంటే అమ్మ తిరిగి పలకాల కదా నాన్నా. పాటమైతే పలకక్కర్లేదు."